తల ఊపినందుకు

మంచి డాక్టరు చేతిలో తల పెట్టి కూడా నా జుట్టును నేనే పాడుచేసుకున్నాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకేం కొత్త కాదు.

కొన్నేళ్ల కిందటి ముచ్చట. మణికొండలో ఒంటరి ఫ్లాటు, ఇంట్లోంచే ఉద్యోగం. రోజు మొత్తమ్మీద ఎదుటి మనిషితో నేననే మాట "గుమ్మం దగ్గర పెట్టెయ్ తమ్ముడూ" ఒక్కటే. తక్కిన కాలమంతా గ్రంథాలయం పుస్తకాలతో కాపురం. నుదుటి మీది జుట్టు ఊడేసరికి, జుట్టు నాటే విద్యనూ అలాగే ఔపోసన పట్టాను. నాటబోయే ముందు సర్జన్ నెత్తి మీద సన్నని గాట్లు పెడతారు. వెంట్రుక ఎటు వాలాలో, ఎంత వాలాలో తేల్చేది ఆ గాటే. అది తప్పితే మొలిచేది జుట్టు కాదు, చీపురు. ఇంత తెలిసిన పండితుణ్ణి!

ఖాజాగూడ దగ్గరి క్లినిక్‌లో తల మొద్దుబారే ఇంజెక్షన్లిచ్చి డాక్టరుగారు గాట్లు మొదలుపెట్టారు. పక్కన నర్సు సరిత. నేను ఊరుకుంటానా?

"ముందు వరస గీత గీసినట్టు ఉండకూడదు కదండీ?"

"అబ్బో, చదువుకునే వచ్చారే!" అన్నారు డాక్టరుగారు. "ఉండకూడదండి. కాస్త ఎగుడుదిగుడుగా, ఒక్కో వెంట్రుకే పెట్టాలి. గాటు బాగా ఏటవాలుగా పడాలి. లేకపోతే బొమ్మ తలలా ఉంటుంది."

చూశారా! నేను చదివినదాని గురించి ఒక మనిషి నాతో మాట్లాడుతున్నారు! ఎన్నాళ్లయిందో. ఆనందం పట్టలేకపోతే మనవాళ్లం ఏం చేస్తాం? కచేరీలో ముందు వరస రసికుడిలా తల ఊపేశాను.

"సార్, తల్కాయ ఊపకున్రి!" సరిత కేక పెట్టింది. "సూది జారితే పరేషాన్ అయితది!"

"సారీ, సారీ," అంటూ మళ్లీ ఊపాను.

"ఏంది సార్ గిట్ల? సారీ గూడ తల్కాయతోనే చెప్తరా?"

డాక్టరుగారు చెయ్యి ఆపారు. "ఇలాగైతే గాట్లు నిటారుగా పడిపోతాయండి. ఇక ఎవరూ మాట్లాడొద్దు. సరితా, నువ్వు కూడా."

ఏసీ హోరు ఒక్కటే మిగిలింది. అచ్చం మా ఫ్లాటులో ఉన్నట్టే ఉంది.

ఏడాదికి జుట్టు చక్కగా వచ్చింది, కుడి మూల తప్ప. అక్కడ నాలుగు వెంట్రుకలు పాఠం మధ్యలో సందేహం అడిగే పిల్లల్లా చేతులెత్తి నిలబడ్డాయి. ఎవరైనా నవ్వుతారేమోనని ఎదురుచూశాను. మా ఆఫీసు ఆన్‌లైన్ మీటింగుల్లో కెమెరా ఎవరూ ఆన్ చెయ్యరు. చివరికి క్లినిక్‌కే వెళ్లి చూపించాను.

"ఆ నాలుగూ తీసి మళ్లీ పెడదామండి, ఒక్క పూటలో అయిపోతుంది," అన్నారు డాక్టరుగారు.

"నాలుగున్నాయి కదండీ, విడివిడిగా నాలుగుసార్లు రానా?"

డాక్టరుగారు నా ముఖంలోకి చూశారు. సరిత మాత్రం పకపకా నవ్వింది. "దవాఖానకు గింత ఖుషీగ వచ్చేటోళ్లను మిమ్మల్నే చూస్తున్న సార్!"

కనుక పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నెత్తి మీద సూది ఉన్నంతసేపూ ఈ జన్మలో తల ఊపను. నోటితోనే జవాబిస్తాను, ఎంతసేపైనా.