పొగ మానేసిన వ్యాను

ఆయన్ని అందరూ ఊపిరి మేస్త్రీ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఎందుకు పెట్టారో ఆయన పని చేస్తుండగా ఒక్కసారి చూసిన వాళ్ళకి తెలిసిపోతుంది. బండి రాగానే అందరు మెకానిక్కుల్లా చేతికి పానా తీసుకునేవాడు కాదు. చెక్క పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి తీసి, దాని మొన నడుస్తున్న ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. కాసేపు ఆయనకి లోకం ఉండేది కాదు. తర్వాత నెమ్మదిగా కళ్ళు తెరిచి, "రెండో సిలిండరు అలిగిందయ్యా, మిగతావి దాని పని కూడా చేస్తున్నాయి పాపం" అనేవాడు. ఇంటి మనుషుల గురించి చెప్పినట్టే చెప్పేవాడు.

"ఇంట్లో నేను పిలిస్తే పలకడు. వీధి చివర బండి మూలిగితే మాత్రం అన్నం ముందునుంచి లేచిపోతాడు" అని నవ్వేది ఆయన భార్య.

అలా ఎన్నో ఏళ్ళు పెద్ద రోడ్డు పక్కన రేకుల షెడ్డులో గడిచాయి. ఒకవైపు సీట్లు కుట్టే ఆయన దుకాణం, ఇంకోవైపు రంగులు వేసే ఆయనది, ఎదురుగా పాత సామాన్లు అమ్మే కొట్టు. ఒకరికి ఆకలేస్తే ఇంకొకరి డబ్బా తెరుచుకునేది. ఒకరికి జ్వరమొస్తే మిగతావాళ్ళు ఆ దుకాణం ముందు కూడా ఊడ్చి, నీళ్ళు చల్లి, వచ్చినవాళ్ళకి సమాధానం చెప్పేవాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పి చేసింది కాదు.

అప్పుడొచ్చింది ప్రభుత్వం వారి పథకం. పొగ కక్కే బండిని, నడపడానికి పనికిరాని బండిని తుక్కుకి అప్పగించినవాళ్ళకి కొత్త బండి మీద రాయితీ ఇస్తారు. మంచి మాటే. కానీ పాత బండ్ల మీద బతికే వీధికి పాత బండ్లు రావడం మానేశాయి. కొత్తవి కంపెనీ వారి అద్దాల గదుల్లోకి వెళ్ళేవి తప్ప రేకుల షెడ్డు వైపు తల తిప్పేవి కావు. రంగుల ఆయన తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడు. పాత సామాన్ల కొట్టుకి తాళం పడింది.

"మనల్ని కూడా తూకానికి తీసుకుంటారేమో కనుక్కో మేస్త్రీ" అన్నాడు సీట్లు కుట్టే ఆయన, ఖాళీగా ఉన్న కుట్టుమిషను మీద మోచేతులు ఆనించి. "పొగ రావట్లేదు గానీ, పొద్దున్నే స్టార్ట్ కావడం నాక్కూడా కష్టంగానే ఉంది."

మేస్త్రీ నవ్వాడు గానీ, ఆ మాట చాలా రోజులు ఆయన్ని వదల్లేదు.

చివరికి ఆయనకి ఆ తుక్కు యార్డులోనే పని దొరికింది. యార్డులో ఒక నియమం ఉండేది. లోపలికి వచ్చే బండి తన కాళ్ళ మీద తాను రావాలి. పొలాల్లో పడి ఉన్న అస్థిపంజరాలని ఈడ్చుకొచ్చి రాయితీ అడగకుండా పెట్టిన నియమం అది. కానీ ముసలి బండి ముసలి మనిషి లాంటిదే, సరిగ్గా గుమ్మం ముందుకి వచ్చాక కూలబడుతుంది. అలాంటివాటిని లేపి, తనిఖీ చేసే పరీక్ష గట్టు దాకా నడిపించడం మేస్త్రీ పని. పరీక్ష అయ్యాక దాన్ని నిద్రపుచ్చడం కూడా ఆయన పనే. ఇంజన్లో నూనె తీసేసి, దాని బదులు చిక్కటి ద్రావణం పోస్తారు. యార్డులో దాన్ని మందు అంటారు. ఇంజన్ నడుస్తుంటే ఆ వేడికి మందు లోపల గాజులా గడ్డకట్టి, కదిలే ప్రతిదాన్నీ పట్టేస్తుంది. ఇక ఆ ఇంజన్ ఏ మేస్త్రీ పిలిచినా లేవదు.

"లేపేదీ నువ్వే, పడుకోబెట్టేదీ నువ్వే. దేవుడి పని దొరికిందయ్యా నీకు" అని సీట్లాయన వేళాకోళం చేస్తే, మేస్త్రీ చెంపలు వేసుకున్నాడు. "అంత మాట అనకు. ఆయన పని ఆయనకే ఉండనీ."

మొదట్లో మందు పోసి ఇంటికి వచ్చిన సాయంత్రాలు అన్నం సయించేది కాదు. అయితే ఒక ఉదయం మెలకువ వచ్చి, ఏదో తేడాగా ఉందని పడుకునే ఆలోచించాడు. పక్కన భార్య దగ్గడం లేదు. తెల్లవారుజామున ఆవిడ లేచి కూర్చుని, గోడకి ఆనుకుని, గాలి కోసం వెతుక్కోవడం ఏళ్ళ తరబడి ఆయనకి అలవాటైపోయిన చప్పుడు. అది ఎప్పుడు ఆగిందో కూడా గమనించలేదు. మేడ మీద ఆరేసిన తెల్ల దుప్పటి మీద నల్లటి నలకలు పడడం కూడా మానేశాయని ఆవిడే చెప్పింది. రోడ్డు మీద పొగ తగ్గింది. ఆ రోజు నుంచి ఆయన ఆ పథకాన్ని తిట్టలేకపోయాడు, మెచ్చుకోనూ లేకపోయాడు. రెండింటినీ చెరొక జేబులో పెట్టుకుని పనికి వెళ్ళేవాడు.

ఆయనకి తరచూ ఒక కల వచ్చేది. తాను నిద్రపుచ్చిన బండ్లన్నీ మేత మేసి ఇంటికొచ్చే పశువుల్లా వాళ్ళ వీధిలోంచి మెల్లగా వెళుతుంటాయి. చప్పుడు ఉండదు, పొగ ఉండదు. ఒక్కో బండి ఆయన గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, దీపాలు ఆర్పి వెలిగించి, ముందుకి సాగిపోతుంది. ఆయనకి భయం వేసేది కాదు. అవి ఎక్కడికి వెళుతున్నాయో అడగాలనిపించేది గానీ, కలలో నోరు పెగలదు కదా.

అలాంటి రోజుల్లోనే వ్యాను అక్క వచ్చింది.

ఆవిడ మేస్త్రీ కంటే చిన్నదే అయినా ఆవిడని ఊరంతా అక్క అనే పిలిచేది. ఒకప్పుడు భర్త నడిపిన వ్యానుని ఆయన పోయాక ఆవిడ నడుపుతోంది. డయాలసిస్ చేయించుకునే పెద్దవాళ్ళని ఇళ్ళ నుంచి ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, మళ్ళీ ఇళ్ళకి చేర్చడం ఆవిడ పని. యార్డు గుమ్మం దగ్గర వ్యాను పెద్దగా దగ్గి, నల్లటి పొగ వదిలి ఆగిపోయింది.

"అన్నా, ఎట్లాగైనా దీన్ని ఆ గట్టు ఎక్కించు. ఆసుపత్రి వాళ్ళు ఇకమీదట పాత బండ్లని లోపలికి రానివ్వరంట. గేటు బయట దింపితే మా వాళ్ళు నడవలేరు. కొత్త వ్యాను మాట్లాడుకుని వచ్చాను. ఈ రాయితీ వస్తేనే అది ఇస్తారు, లేకపోతే లేదు. స్టార్ట్ అయితే చాలన్నా, ఇంకేం వద్దు."

"సాయంత్రం పరీక్షకి పెడదాం. నువ్వు ఆ నీడలో కూర్చో తల్లీ" అన్నాడు మేస్త్రీ.

స్టార్ట్ అయితే చాలు. ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకుని ఉంటే సరిపోయేది. కానీ బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకోగానే ఆయనకి ఒళ్ళు ఝల్లుమంది. ఎంత మంచి ఇంజన్! మసి పట్టి, గొంతు పూడుకుపోయి ఉందే గానీ, లోపల గుండె దిటవుగా ఉంది. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు విప్పి కడిగాడు. గాలి వడపోసే జల్లెడ దులిపాడు. సైలెన్సర్ విప్పి మసి రాల్చాడు. వాల్వుల సందులు సరిచేశాడు. మళ్ళీ విన్నాడు, మళ్ళీ సరిచేశాడు. ఎండ ఎప్పుడు వాలిందో తెలియలేదు. ఎవరో ఆయన పక్కన టీ పెట్టి వెళ్ళారు, అది చల్లారిపోయింది. పసిపిల్లకి తల దువ్వే తల్లికి పొద్దు తెలియనట్టే ఆయనకీ తెలియలేదు.

సాయంత్రానికి వ్యాను గట్టు ఎక్కింది. తనిఖీ అధికారి నిదానస్తుడు. పొగ గొట్టంలో పొగ కొలిచే యంత్రం గొట్టం పెట్టి చూశాడు. తీసి తుడిచి మళ్ళీ పెట్టాడు. బ్రేకులు చూశాడు. కింద టార్చి వేసి చూశాడు. చివరికి కళ్ళజోడు తీసి, "అమ్మా, దీన్ని తీసుకోవడానికి వీల్లేదు" అన్నాడు.

"అదేంటి సార్! ఇంత పాతది!"

"పాతదైతే సరిపోదమ్మా. పనికిరానిది కూడా అయ్యుండాలి. ఇది పొగే వదలట్లేదు. కొత్త బండ్లు కూడా ఇంత శుభ్రంగా ఉండవు."

వ్యాను అక్క మేస్త్రీ వైపు తిరిగింది. ఆవిడ గొంతులో కోపం, నవ్వు, ఏడుపు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఇది అంతకంటే వింత కదన్నా! ఊడాల్సిన నాలుకని అతికించావు! ఇంత బాగా చెయ్యమని నిన్నెవరడిగారు?"

మేస్త్రీ భుజం మీది గుడ్డ తీసుకున్నాడు. చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. సిగ్గుపడాల్సింది పోయి ఆయన మనసు లోలోపల గంతులు వేస్తోంది. ఒక్కటి! ఇన్నింటిలో ఒక్కటైనా వెనక్కి తిరిగి ఇంటికి వెళుతోంది. అధికారి మొహంలో కూడా చిన్న సంతోషం కనిపించింది.

కానీ మేస్త్రీకి ఇంకొక సంగతి తెలుసు. సైలెన్సర్ విప్పుతుంటే పానా జారి, పక్కనున్న చట్రానికి తగిలింది. వ్యాను బరువంతా మోసే ఇనప దూలం అది. పైకి దళసరిగా నల్లరంగు పూసి నున్నగా ఉంది. పానా తగిలిన చోట మాత్రం రొట్టెలో వేలు దిగినట్టు దిగిపోయింది. లోపల అంతా తుప్పే. తుక్కుకి పోయే బండే కదా అని అప్పుడు ఊరుకున్నాడు.

ఇప్పుడు ఊరుకుంటే ఇంజన్ బతుకుతుంది. తర్వాత ఎప్పుడైనా అతుకు వేయొచ్చు అనుకున్నాడు. మరుక్షణమే తల అడ్డంగా ఊపుకున్నాడు. తుప్పు మీద వేసిన అతుకు దేన్ని పట్టుకుని నిలుస్తుంది? తలుపు తెరిచి ఉంది. లోపల వరసగా సీట్లు, ఒక్కో సీటు మీద ఒక్కో రంగు దిండు. సూదులు గుచ్చిన చేతులు ఆనించుకోవడానికి ఆవిడే పాత చీరలతో కుట్టింది కాబోలు. ఆ దిండ్ల కింద ఉన్నది ఆ దూలమే.

"తప్పు నాది. దీన్ని మళ్ళీ రోడ్డు ఎక్కించకూడదు సార్" అన్నాడు మేస్త్రీ. "ఒకసారి కిందకి రండి."

ఇద్దరూ ఆ మట్టిలో పక్కపక్కనే వెల్లకిలా పడుకున్నారు. మేస్త్రీ చెప్పిన చోట అధికారి తన తాళం చెవితో పొడిచాడు. తుప్పు ఆయన చొక్కా మీద రాలింది. చాలాసేపు ఇద్దరూ కింద నుంచి రాలేదు.

బయటికి వచ్చి, చొక్కా దులుపుకుంటూ అధికారి అన్నాడు: "అమ్మా, ఇది పనికిరాదు. మీకు రాయితీ వస్తుంది." కింద రాలిన తుప్పు చూసి, "ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఆ పైవాడే మోశాడు" అన్నాడు.

వ్యాను అక్క గబుక్కున వ్యానుకి ఆనుకుంది, మళ్ళీ భయపడ్డట్టు పక్కకి జరిగింది.

"సార్, ఒక్క మాట" అన్నాడు మేస్త్రీ. "చట్రం పోయింది సరే. ఈ ఇంజన్‌ని మాత్రం విప్పి ఇవ్వనివ్వండి. ఏ పడవకో పెట్టుకుంటారు. ఏ నీళ్ళ పంపుకో పనికొస్తుంది."

"ఒకసారి పైవాళ్ళని అడిగాను మేస్త్రీ. ఒక్క ఇంజన్ గేటు దాటితే దాని వెనకే పొగ కక్కేవి కూడా దాటతాయన్నారు. వాళ్ళ భయం వాళ్ళది. ఏది మంచిదో విని చెప్పడానికి చట్టానికి నీలాగా చెవులు లేవు కదా."

మేస్త్రీ మళ్ళీ వ్యాను కిందకి దూరాడు. నూనె తీసేశాడు. మందు డబ్బా తెచ్చుకున్నాడు. ఆయనకి ఒక పద్ధతి ఉండేది. యార్డు పెట్టింది కాదు, ఆయన పెట్టుకున్నది. మందు పోసేటప్పుడు బండిగలవాళ్ళు ఇష్టపడితే వాళ్ళనే డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టేవాడు. తెలిసిన కాలి కింద బండి హాయిగా నిద్రపోతుందని ఆయన నమ్మకం. చాలామంది వద్దని వెళ్ళిపోయేవారు. వ్యాను అక్క వెళ్ళలేదు.

ఆవిడ తాళం తిప్పింది. ఇంజన్ మొదటి పిలుపుకే పలికింది. మేస్త్రీ మందు పోసి, పెదాల కింద ప్రార్థన చెప్పుకుని, వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. "మెల్లగా తొక్కు తల్లీ."

మామూలుగా కాసేపట్లో అయిపోతుంది. ఇది ఆగలేదు. మధ్యాహ్నమంతా ఆయన పోసిన ప్రాణమే ఇప్పుడు ఆయన మాట వినడం లేదు. ఇంజన్ ఆగేదాకా ఏంచేయాలో తెలియక ఆవిడ మాట్లాడడం మొదలుపెట్టింది.

"వెనక కిటికీ పక్కన ఒక తాతయ్య కూర్చుంటాడన్నా. వెళ్ళేటప్పుడు పలకడు. వచ్చేటప్పుడు మాత్రం ఒకటే జోకులు, నవ్వించి చంపుతాడు. రక్తం కడిగితే హాస్యం పైకి తేలుతుందంట." ఆవిడ నవ్వింది. "మా ఆయనకి ఈ గేరు ఎప్పుడూ పడేది కాదు. తిట్టుకుంటూ వేసేవాడు. నా చేతికి మాత్రం వెన్నలా పడేది. దానికి నేనంటేనే ఇష్టమని ఉడికించేదాన్ని."

"ఉండొచ్చు తల్లీ. వాటికి తెలుస్తుంది."

చప్పుడు బరువెక్కింది. ఎక్కడో దూరాన ఎవరో మూట మోసుకుంటూ మెట్లెక్కుతున్నట్టుంది. ఆవిడ మాట ఆపింది. ఇంకో మెట్టు. ఇంకొకటి. వ్యాను ఒక్కసారి నిలువెల్లా వణికి, నిట్టూర్చి, ఊరుకుంది.

ఆవిడ కాలు ఇంకా అలాగే ఉంది. మేస్త్రీ వంగి, ఆ పెడల్ మీద నుంచి తీయమన్నట్టు మెల్లగా సైగ చేశాడు. ఆవిడ తీసింది గానీ దిగలేదు. ఆయనా దిగలేదు. వేడి ఇంజన్ లోపల ఇనుము చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది. పొద్దు గూకుతోంది. వెనక సీట్ల మీద దిండ్ల రంగులు ఒక్కొక్కటే మసకబడుతున్నాయి.

అద్దం బయట అధికారి రాయితీ కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పని వేళ ఎప్పుడో అయిపోయింది. వీళ్ళు తలెత్తి చూస్తారేమోనని కాబోలు, అటు తిరిగి, ఆకాశం చూస్తున్నట్టు నిలబడ్డాడు. అద్దం తట్టలేదు.