మేడమ్ సంతకం పెట్టని సర్టిఫికెట్లు

మేడమ్ పోయారన్న వార్త నాకు ఒక సర్టిఫికెట్ రూపంలో వచ్చింది. పొద్దున్నే కాలేజీ వాట్సాప్ గ్రూపు తెరిస్తే బంగారు రంగు అంచు, మధ్యలో ఆవిడ పాత ఐడీ కార్డు ఫొటో, కింద "విద్యారంగానికి జీవితకాల సేవ" అని లావుపాటి అక్షరాలు, మూలన క్యూఆర్ కోడ్. దాని కింద ఒక్కొక్కరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతుంటే గానీ మనిషి లేరన్న సంగతి నా బుర్రకెక్కలేదు. అప్పటికీ నమ్మబుద్ధి కాక ఆ కోడ్ స్కాన్ చేశాను. పేజీ తెరుచుకుంది. ఆవిడ పేరు, పక్కన ఆకుపచ్చ టిక్కు, "ధ్రువీకరించబడినది."

ఆ టిక్కు చూడగానే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆవిడ పోట్లాడింది ఆ టిక్కుతోనే. పోట్లాడి ఓడిపోయారు. ఓడించినవాళ్ళు అదే టిక్కును ఆవిడ పేరు పక్కన పెట్టి ఊరంతా పంచారు. వారం తిరక్కుండా కాలేజీలో సంతాపసభ పెట్టారు. కరస్పాండెంట్ గారు మైకు పట్టుకుని, "మేడమ్ గారు ఎంతో సౌమ్యురాలండీ. మన డిజిటల్ ప్రయాణానికి వెన్నుదన్నుగా నిలిచారండీ" అన్నారు. వెనక వరసలో కూర్చుని విన్నాను. ఆవిడ సౌమ్యురాలు కాదు. వెన్నుదన్నుగా అసలే నిలవలేదు, అడ్డంగా నిలబడ్డారు. ఆ ముక్క ఎవరో ఒకరు రాయాలి కదా అని రాస్తున్నాను.

ఆవిడ నాకు డిగ్రీలో బోటనీ చెప్పారు. రిటైరయ్యాక షార్ట్ టర్మ్ కోర్సుల పరీక్షలు చూడమని కాలేజీవాళ్ళే పిలిస్తే మళ్ళీ వచ్చారు. పీజీ చేసి కూడా ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉండలేక నేను బెజవాడంతా తిరుగుతున్న రోజుల్లో, "ఇంట్లో అమ్మని విసిగించే బదులు ఇక్కడ కూర్చుని నన్ను విసిగించు" అని తన పక్క కుర్చీ చూపించారు. మావి ఆరు వారాల కోర్సులు. ఆస్పత్రుల్లో రక్తం శాంపిల్స్ తీయడం, షాపుల్లో బిల్లింగ్, మోటారు వైండింగ్. చదువు మధ్యలో ఆపేసినవాళ్ళు, పిల్లలు బడికి వెళ్ళాక కాస్త తీరిక దొరికినవాళ్ళు కంకిపాడు నుంచీ ఉయ్యూరు నుంచీ బందరు రోడ్డు బస్సుల్లో వేలాడుతూ వచ్చేవాళ్ళు. డిగ్రీ లేని వాళ్ళకు ఆ చిన్న సర్టిఫికెట్టే ఆధారం. అది చూపిస్తేనే లోపలికి రానిస్తారు.

కాగితాల రోజుల్లో మేడమ్ ఒక అలవాటు పెట్టుకున్నారు. విద్యార్థి ఎదురుగా లేకుండా సంతకం పెట్టరు. మనిషిని పిలవాలి, పేరు పైకి చదవాలి, చిన్న పని ఒకటి చేయించాలి. "ఏదీ, నరం తేలేలా నా చేతికి బ్యాండు కట్టు. ఇప్పుడు ట్యూబు మీద పేరు రాయి. ఎప్పుడు రాస్తావు, తీశాకా, తియ్యకముందా? పేషెంటు దగ్గర నుంచే రాస్తావా, బల్ల దగ్గరికెళ్ళి రాస్తావా?" సూది మాత్రం గుచ్చనిచ్చేవారు కాదు. సూది కవరు చింపితేనే ఆవిడ ముఖం కిటికీ వైపు తిరిగిపోయేది. పిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్ళు.

కంకిపాడు నాగమణిని ఈ పేరు రాసే దగ్గరే ఆపేశారు. రక్తం చక్కగా తీస్తుంది, కానీ ట్యూబులన్నీ బల్ల మీద పెట్టుకుని తర్వాత పేర్లు రాస్తుంది. "ఒకళ్ళ రక్తం ఇంకొకళ్ళ పేరు మీదకెళ్తే నువ్వెళ్ళి చెప్తావా వాళ్ళింట్లో?" అని సంతకం పెట్టకుండా మళ్ళీ బ్యాచిలో కూర్చోబెట్టారు. నాగమణి ఏడ్చింది. వాళ్ళాయన వచ్చి, "ఆరు వారాలు చదివినదానికి ఇంత రుబాబేంటండీ, ఏదో ఎంబీబీఎస్ అయినట్టు" అన్నాడు. మేడమ్ కళ్ళజోడు చీర చెంగుతో తుడుచుకుంటూ, "మీ రక్తం తీసేటప్పుడు కూడా ఇదే మాట అనండి" అన్నారు. తర్వాతి బ్యాచిలో నాగమణి పాసయింది. ఆ సంతకం విలువ దానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

అప్పుడే సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో ఇవ్వాలన్న మాట వచ్చింది. మేడమ్ వద్దనలేదు. వరదకు తడిసిన సర్టిఫికెట్లు పట్టుకుని సింగ్‌నగర్ నుంచి వచ్చిన పిల్లల్ని చూశాక, నాకంటే ముందు ఆవిడే కావాలన్నారు. ఏ కంపెనీది తీసుకోవాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

డెమోలకు కంపెనీలవాళ్ళు వచ్చారు. మొదట వచ్చినబ్బాయి టై కట్టుకుని స్క్రీన్ మీద బంగారు అంచులు, మెరిసే బ్యాడ్జీలు చూపించాడు. కరస్పాండెంట్ గారి ఫొటో ముందే తెచ్చి సర్టిఫికెట్ మీద పెట్టేశాడు. సార్ ముఖం వెలిగిపోయింది. మేడమ్ అంతా విని ఒక్కటే అడిగారు.

"బాబూ, నాకు నేనే ఒక సర్టిఫికెట్ ఇచ్చుకోవచ్చా?"

"చాలా ఈజీ మేడమ్," అని ఆ అబ్బాయి హుషారుగా ఆవిడ పేరు కొట్టాడు. రక్తం తీయడంలో నైపుణ్యం, ఏ ప్లస్, ఆకుపచ్చ టిక్కు.

"నాకు సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి," అన్నారు మేడమ్.

గదిలో అందరం నవ్వాం. సార్ కూడా నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

తర్వాత వచ్చిన కంపెనీ తరఫున ఒకమ్మాయి మాట్లాడింది. వాళ్ళ పద్ధతిలో ఒక్కరు నొక్కితే సర్టిఫికెట్ బయటికి రాదు. నేర్పిన మాస్టారు తన లాగిన్‌తో ఒప్పుకోవాలి, పరీక్షల వాళ్ళు తమ లాగిన్‌తో ఒప్పుకోవాలి. ఓటీపీ ఎవరిది వాళ్ళ ఫోన్‌కే. ఎవరు ఏ రోజు ఏం చేశారో చెరిపెయ్యడానికి వీల్లేకుండా ఉంటుంది. తప్పు జరిగితే ఆ సర్టిఫికెట్ రద్దు చేయొచ్చు, స్కాన్ చేసినవాళ్ళకు రద్దయిందని కనపడుతుంది. "మీ కంపెనీ రేపు ఎత్తేస్తే మా పిల్లల గతేంటమ్మా?" అని మేడమ్ అడిగితే, కాలేజీ సంతకం ఆ ఫైల్లోనే ఉంటుందనీ, ఫైలు విద్యార్థి దగ్గరే ఉంటుందనీ, తాము లేకపోయినా ఎవరైనా సరిచూసుకోవచ్చనీ చెప్పి, అక్కడికక్కడే తమ వెబ్‌సైటు ఆపేసి చేసి చూపించింది. మేడమ్ ఆ అమ్మాయికి తన ఫ్లాస్కులో టీ పోసిచ్చారు. అది చాలా పెద్ద మర్యాద, నాకెప్పుడూ దక్కలేదు.

"ఇద్దరు ఒప్పుకునేదాకా ఆగాలాండీ?" అన్నారు సార్. "నేను కరస్పాండెంట్‌నండీ. నా కాలేజీలో నేను సర్టిఫికెట్ ఇవ్వాలంటే ఇంకొకళ్ళ పర్మిషనా?"

"దొంగ బయటినుంచి వస్తే ఆపడానికి ఆ మొదటిది చాలు సార్. ఈ రెండోది మన నుంచి మనల్ని కాపాడుతుంది."

"అంటే మేం దొంగలమా మేడమ్?"

"ఇంకా కాదండీ," అన్నారావిడ.

సార్ మొదటి కంపెనీనే ఖాయం చేశారు.

ఆ తర్వాత మా ఆఫీసులో జరిగింది చెబితే బయటివాళ్ళు నమ్మరు, కాలేజీల్లో పనిచేసేవాళ్ళు మాత్రం నమ్ముతారు. లాగిన్ ఒక్కటే, సార్ పేరు మీద. సార్‌కు ఓటీపీలంటే చిరాకు. అందుకని కారు డ్రైవర్ నంబరు ఇచ్చారు. ఎవరికి సర్టిఫికెట్ కావాలన్నా ఆఫీసులోంచి కిటికీ తెరిచి, "బాబాయ్, ఎంతొచ్చింది?" అని అరవడం, కింద వేపచెట్టు నీడలో కారు తుడుస్తున్న డ్రైవర్ అంకెలు పైకి చదవడం. కాలేజీ సంతకం ఒక మంచి మనిషి చొక్కా జేబులో ఉండేది, ఆయనకు ఆ సంగతి తెలీదు. మేడమ్ ఆ కేక విన్నప్పుడల్లా రాస్తున్న పెన్ను ఆపేసి, అరుపు అయిపోయేదాకా అలాగే కూర్చునేవారు.

ఒక రోజు ఆ సైట్‌లో మేమెవరం ఎరగని పేర్లు కనిపించాయి. క్లాసు ముఖం చూడనివాళ్ళు, రక్తం తీయడంలో ఏ ప్లస్. ఏదో స్కీములో సీట్లు నిండినట్టు చూపించడానికి ఎవరో ఒక్కసారే ఎక్కించారు. ఎవరని అడిగితే ఎవరూ కాదు. లాగిన్ అందరిదీ ఒకటే కదా. రద్దు చేయమని మేడమ్ సార్ గదికి వెళ్ళారు. తలుపు వేసి ఉన్నా ఆవిడ గొంతు వరండా అంతా వినపడింది. సౌమ్యురాలట.

ఆ పేర్లలో ఒకబ్బాయి ఊళ్ళో ఒక పెద్ద ఆస్పత్రిలో చేరాడు. బ్యాండు ఎటు కట్టాలో తెలియక ఎవరిదో చెయ్యంతా కమిలిపోయేలా గుచ్చాడు. ఆస్పత్రివాళ్ళు స్కాన్ చేస్తే ఆకుపచ్చ టిక్కే వచ్చింది. వాళ్ళ కోపం సబబే. ఇక మా కాలేజీ సర్టిఫికెట్ ఏదీ తీసుకోబోమన్నారు. అదే వారం నాగమణి ఆ ఆస్పత్రిలో చేరాల్సి ఉంది.

"అక్కా, నన్ను దొంగ సర్టిఫికెట్‌దానివి అన్నారు అక్కా," అని ఫోన్‌లో చెప్పింది. నేను ఆ మాట మేడమ్‌కు చెప్పాను. ఆవిడ టిఫిన్ బాక్సు మూత పెట్టేసి లేచారు.

నాగమణిని ఎక్కించుకుని ముగ్గురం ఆటోలో ఆ ఆస్పత్రికి వెళ్ళాం. హెచ్ఆర్ ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "మీ బాధ అర్థమైంది మేడమ్ గారూ, కానీ మీ కాగితాన్ని మేమెలా నమ్మాలండీ?" మేడమ్ కుర్చీలో కూర్చుని, మోచేతి దాకా ఉన్న జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, చెయ్యి ఆయన బల్ల మీద చాపారు.

"కాగితం వద్దులెండి. ఆ అమ్మాయికి ఒక సూది ఇప్పించండి."

నాగమణి భయపడింది. "మేడమ్, మీకు పడదు కదా మేడమ్."

"కానీ అమ్మా. నేను కదలను," అని ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. పెదవి కొరికి పట్టుకోవడం నాకు కనిపించింది. నాగమణి ముందు ట్యూబు మీద పేరు రాసింది. తర్వాత గుచ్చింది. మొదటిసారే దొరికింది. ల్యాబ్ ఇన్‌చార్జి చూసి తల ఊపాడు. హెచ్ఆర్ ఆయన ఫోన్‌లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడి వచ్చి, నాగమణి చెయ్యి బావుందనీ, సిస్టమ్‌లో మాత్రం మా కాలేజీ పేరు ఆపేశారనీ, తన చేతిలో లేదనీ చెప్పాడు.

మేడమ్‌ను బస్టాండుకు తీసుకొచ్చాం. దూది పట్టుకుని మడిచిన చెయ్యి మడిచినట్టే ఉంది. తన ఊరు పామర్రు వెళ్ళే బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, "దాని పేరు నేను పైకి చదివి సంతకం పెట్టానే. దాన్ని వీళ్ళు అబద్ధం చేశారు," అన్నారు. మర్నాడు రాజీనామా ఇచ్చారు. నెలాఖరుకు నేనూ బయటికొచ్చేశాను.

తర్వాత ఆవిడకు కిడ్నీల జబ్బని తేలింది. వారం వారం రక్తపరీక్షలు. నాగమణి అప్పటికి ఉయ్యూరులో ఒక చిన్న ల్యాబు తరఫున ఇంటింటికీ తిరిగి శాంపిల్స్ తీస్తోంది. ఆస్పత్రి జీతంలో సగం కూడా రాదు. పామర్రు మేడమ్ ఇంటికి ఇంకెవరినీ వెళ్ళనిచ్చేది కాదు. ఒకసారి నేనున్నప్పుడు నరం దొరక్క నాగమణి బ్యాండు విప్పి మళ్ళీ కట్టింది. మేడమ్ కిటికీ వైపు చూస్తూనే, "తొందరేం లేదు. నీకు వచ్చునని నాకు తెలుసు కదా," అన్నారు. ఆ మాటకు క్యూఆర్ కోడ్ ఉండదు. ఏ ఆస్పత్రీ స్కాన్ చేయలేదు.

ఈ మధ్య ఎవరో నాతో, "పోయినావిడ మీద గౌరవంతో ఇచ్చిన సర్టిఫికెట్‌కు ఇంత కోపమేంటి" అన్నారు. అంత్యక్రియలనాడు పామర్రులో మేడమ్ వాళ్ళింటి ముందు కారు డ్రైవర్ నన్ను పక్కకు పిలిచాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"అమ్మా, పొద్దున్నే ఫోన్ చేసి ఓటీపీ ఎంతొచ్చిందని అడిగారమ్మా. ఎప్పట్లాగే చదివేశాను. అది మేడమ్ గారిదని నాకు తెలీదమ్మా."

ఆయన్ని ఏమనను? ఏమీ మారలేదు. అదే లాగిన్, అదే కేక. ఈసారి కిటికీలోంచి కాదు, ఫోన్‌లో. ఆ దొంగ పేర్లన్నీ ఇవాళ్టికీ ఆకుపచ్చగా ఉన్నాయి, నేను రాత్రే చూశాను. మేడమ్ పేరు వాటి పక్కనే చేర్చారు.

ఆ రోజు ఇంటి లోపల పాటలు పాడుతున్నారు. పాస్టరు గారు ఇంకా రాలేదు. పెట్టె పక్కన నాగమణి నిలబడి ఉంది, ఆ వారం శాంపిల్ తీసింది అదే. మేడమ్‌కు తెల్లచీర కట్టి చేతులు రెండూ ముందుకు పెట్టారు. జాకెట్టు చెయ్యి కాస్త పైకి జరిగి, మోచేతి మడతలో దూది మీద అంటించిన టేపు ముక్క కనపడుతోంది. అంచులు లేచాయి కానీ ఊడలేదు. ఎవరో పెద్దావిడ తీసేయబోతే నాగమణి ఆపింది. వంగి, ఆ టేపును బొటనవేలితో ఒకసారి నొక్కి, జాకెట్టు చెయ్యి కిందికి లాగి కప్పింది.