ఉప్పాడ నీళ్ళలో మగ్గం చప్పుడు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. హాస్టల్లో ఎవడైనా మొదలెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి, భయపడి కాదండి, విసుగుతో. అలాంటివాణ్ణి ఇప్పుడు నేనే రాయడానికి కూర్చున్నాను. సిగ్గుగానే ఉంది. నవ్వుతారని మాత్రం కాదు. నవ్వితే నవ్వండి, దానికి నాకేం బాధ లేదు.

నా ఉద్యోగం సముద్రం అడుగున ఏముందో తెలుసుకోవడం. దిగి చూసేది తక్కువ, వినేది ఎక్కువ. హైడ్రోఫోన్ అని, నీళ్ళలో పనిచేసే మైకు ఉంటుంది. దాన్ని పడవ మీంచి కిందికి దించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటాం, రికార్డు చేస్తాం.

సముద్రం కింద అంతా నిశ్శబ్దం అనుకుంటారు గానీ, అడుగున ఒకటే గోల. చేపలు గొణుగుతాయి. వేలెడంత కూడా ఉండని ఒక రకం రొయ్య పంజాతో చిటికెలు వేస్తుంది. అవి గుంపుగా ఉన్నచోట పోపు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. ఆ చిటపట ఎంత జోరుగా ఉంటే అక్కడ బతుకు అంత బాగున్నట్టు. పెద్ద బోట్లు వలలతో అడుగంతా ఈడ్చేసిన చోట మైకు దించితే ఏమీ వినపడదు. అలాంటి చోట్లు మన తీరంలో చాలానే ఉన్నాయి.

ఒడ్డుకి దగ్గర్లో చేప దొరకడం లేదని, ప్రభుత్వంవాళ్ళు ఉప్పాడ ఎదురుగా అడుగున సిమెంటు దిమ్మెలు దించే పని పెట్టుకున్నారు. వాటికి నాచు పట్టి, ఆల్చిప్పలు అంటుకుని, చేపలు చేరతాయి. ఎక్కడ దించాలో విని చెప్పడం మా వంతు. తప్పుచోట దించితే ఇసకలో కూరుకుపోయి ఎవరికీ కాకుండా పోతాయి.

నేను పుట్టింది ఉప్పాడలోనే. మాది వేటకెళ్ళే కుటుంబం కాదు, నేత కుటుంబం. నాన్న జాందానీ చీరలు నేసేవారు. ఆయన పోయిన మరుసటేడు తుఫానుకి మా వీధి సముద్రంలో కలిసిపోయింది. సామాను ముందే తెచ్చేసుకున్నాం గానీ మగ్గం తేలేదు. కాకినాడ ఫ్లాట్‌లో మగ్గం ఎక్కడ పెడతామమ్మా అన్నాను. అమ్మ కూడా పట్టుబట్టలేదు. అప్పట్నుంచీ నా దగ్గరే ఉంటోంది.

ఆ వీధి ఇప్పుడు రెండు నిలువుల లోతులో ఉంది. ఇటుక గోడలు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయని వలలు చిక్కుకున్నవాళ్ళు చెప్తారు. మగ్గం చెక్కలు ఈపాటికి చీకిపోయి, పురుగు తినేసి ఉంటాయి. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు, అదే కదా నేను చదువుకున్న చదువు.

పొద్దున్నే నూకరాజు పడవలో వెళ్ళాం. నూకరాజు మా ఊరివాడే, వేటగాడు, మా సర్వేలకి పడవ కట్టేది అతనే. ఇంజిను ఆపించి పాత వీధి మీదుగా మైకు దించాను. ఏం చిటపటండీ! ఈ తీరంలో అంత బాగున్న చోటు నాకు ఎక్కడా తగల్లేదు. కూలిన ఇళ్ళే రొయ్యలకీ చేపలకీ ఊరైపోయాయి. మహా సంతోషమేసింది.

నూకరాజు సరదాగా తననీ విననివ్వమంటే హెడ్‌ఫోన్ ఇచ్చాను. కాసేపు విని, తీసి నా మొహం చూశాడు.

"ఎవరో మగ్గం నేస్తన్నారేంటండీ?"

నేను నవ్వాను. మళ్ళీ పెట్టుకుని విన్నాను. రొయ్యల చిటికెలు తప్ప ఏమీ లేదు. అతను మళ్ళీ విని, ఉందండీ అన్నాడు. నాలుగైదు సార్లు అటూ ఇటూ మార్చుకున్నాం. చివరికి అతను, "ఉప్పు గాలికి మీ చెవులకేమైనా తుప్పు పట్టిందేంటండీ? నేతోళ్ళ ఇంట్లో పుట్టారు, మీకే వినపడదా?" అన్నాడు. ఎగతాళికే అన్నాడు, పాపం. నాకు మాత్రం చురుక్కుమంది.

తాడు పడవకి తగులుతోందేమోనని చూశాను, లేదు. దగ్గర్లో ఇంకో ఇంజిను లేదు. అయినా తాడైనా ఇంజినైనా నాకూ వినపడాలి కదా.

ఆఫీసుకొచ్చి ఆ రికార్డింగు మా అనితకి ఇచ్చాను. అనిత కేరళ అమ్మాయి, మా దగ్గర కొత్తగా చేరింది. మగ్గం ఎప్పుడూ చూడలేదు, ఉప్పాడ సంగతులు తెలియవు. నూకరాజు అన్న మాట నేను చెప్పలేదు. రొయ్యల జోరు ఎలా ఉందో వినమన్నాను, అంతే. వింటూ వింటూ, వెనకాల ఎవరో చెక్క కొడుతున్నారు సార్ అంది. ఎలాగో కొట్టి చూపించమంటే బల్ల మీద కొట్టింది. వెంటవెంటనే రెండు దెబ్బలు, కాస్త ఆగి, మెల్లిగా ఇంకొకటి. మళ్ళీ రెండు, ఆగి, మెల్లిగా ఒకటి.

మర్నాడు నూకరాజుని పిలిపించాను. అనితని బయటికి పంపి, అతన్నీ కొట్టి చూపించమన్నాను. అదే దెబ్బ. కోరింగ మడ అడవి దగ్గర తీసిన రికార్డింగు ఒకటి పేరు చెప్పకుండా ఇద్దరికీ విడివిడిగా వినిపించాను. అందులో ఏ చప్పుడూ లేదన్నారు.

కంప్యూటర్లో శబ్దాన్ని బొమ్మగా చూసే వీలుంది. చెక్క మీద దెబ్బ పడితే నిలువుగా ఒక గీత కనపడాలి. రొయ్యల చిటికెలు చిన్న చిన్న చుక్కల్లా నిండా ఉన్నాయి గానీ, వాళ్ళు కొట్టిన వరసలో ఒక్క గీత లేదు. యంత్రానికీ నాకూ లేని చప్పుడు వాళ్ళిద్దరికీ ఉంది.

ఇంట్లో చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. బయటికొచ్చి స్కూటర్ మీద కూర్చుంటే ఏడుపొచ్చినంత పనైంది. దెయ్యమైతే దెయ్యమే అనుకుందాం. మా ఇంటి చప్పుడు ఎక్కడినుంచో వచ్చిన పరాయి పిల్లకి వినపడి నాకు వినపడకపోవడం ఏంటి? భయం కాదండి, ఎవరో గడపలో నిలబెట్టి లోపలికి రావద్దన్నట్టు అనిపించింది.

అమ్మకి చెప్పకూడదనుకున్నాను. చెప్తే వింటానంటుంది. విని ఉందంటే నేనేం చెయ్యాలి, లేదంటే ఆమెకి ఏం మిగులుతుంది? కానీ నూకరాజు ఆదివారం పూట చేపలిచ్చి పోవడానికొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చెప్పేశాడు. అతను వెళ్ళాక అమ్మ చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఏమీ అడగలేదు. నాన్న పోయాక నన్నెప్పుడూ ఏదీ అడగలేదు ఆమె.

ల్యాప్‌టాప్‌కి రెండు హెడ్‌ఫోన్లు తగిలించి, ఒకటి ఆమెకి పెట్టి, ఇంకొకటి నేను పెట్టుకున్నాను. నాకు చిటపటలే. కాసేపటికి అమ్మ అరచెయ్యి తొడ మీద ఆడింది. రెండు దెబ్బలు, ఆగి, మెల్లిగా ఒకటి. ఆ వరస ఆమెకి నేను చెప్పలేదు. నూకరాజు గుమ్మంలో కొట్టి చూపించలేదు, నేను అక్కడే ఉన్నాను.

"మీ నాన్నే," అంది. "అందరూ పోగు దూర్చి పలకతో రెండు కొట్టి వదిలేస్తారు. ఆయన బుటా పువ్వు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుని, మెల్లిగా ఇంకోటి వేస్తారు."

ఆమె మొహం చూడలేకపోయాను. పెళ్ళిపీటల మీద కూర్చున్న పిల్లలా తల వంచుకుని వింటోంది. తర్వాత నావైపు తిరిగి అడిగింది.

"నీకూ వినపడతందా నాన్నా?"

"వినపడుతోందమ్మా."

లేదని ఎలా అనను? చప్పున అనేశాను. ఇంకాసేపు విన్నాం. నేను తల ఊపుతూ కూడా ఉన్నాను, నా మొహం మండ.

"ఇప్పుడు ఆపేశారు కదా," అంది.

"ఆఁ, ఆగిందమ్మా."

అమ్మ కోప్పడలేదు. హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుని, నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "ఆగలేదురా. నడుస్తానే ఉంది."

నాకు తల కొట్టేసినట్టయింది. సంజాయిషీ ఏదో చెప్పబోయాను. ఆమె నన్ను చెప్పనివ్వలేదు.

"నీకు వినపడదులే. చిన్నప్పుడు నువ్వు పుస్తకం ముందేసుకుంటే చప్పుడని విసుక్కునేవాడివి. మీ నాన్న ఆపేసి, వీధరుగు మీదికి పోయి కూచునేవారు. నువ్వు పడుకున్నాక మళ్ళీ మగ్గం గుంటలో దిగేవారు. ఇప్పుడూ నువ్వు పనిలో ఉన్నావని ఆపేసి ఉంటారు."

ఇది నాకు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. ఆయన మగ్గం ఎలా మోగేదో కూడా నాకు తెలియదని అలా అమ్మ ఎదురుగా కూర్చున్నప్పుడే తెలిసింది. ఆ మగ్గం సంపాదన మీదే కదా నేను చదివింది.

అమ్మ చెప్పిన కారణాన్ని నేను కారణంగా ఒప్పుకోలేను. ఒకే ఫైలు, ఒకే ల్యాప్‌టాప్, ఒకే రకం హెడ్‌ఫోన్లు. ఒక చప్పుడు ఒకరికి ఆగి ఇంకొకరికి నడవడం ఎక్కడా లేదు. అలాగని అది లేదని చెప్పడానికీ నాకు నోరు రావడం లేదు. ఒకరు కొట్టింది ఇంకొకరు చూడకుండా ముగ్గురు ఒకే వరస కొట్టారు. తిప్పి తిప్పి ఆలోచించాను. ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

పాత వీధి మీద దిమ్మెలు వద్దని రాసిచ్చాను. అక్కడ ఇప్పటికే చేపలు కుదురుగా ఉన్నాయి, కదపకూడదు అని కారణం రాశాను. అది నిజమే, ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు. పక్కన బోసిగా ఉన్నచోట దించారు.

ఆ రికార్డింగుని అమ్మ ఫోన్‌లో పెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ పక్కన కూర్చుని వింటుంది. చెయ్యి తొడ మీద ఆడుతూ ఉంటుంది. నేను ఆఫీసు పనేదో పట్టుకుని ఆ గదిలోకి వెళ్తే, హెడ్‌ఫోన్ తీసేసి, "నువ్వు పని చేసుకో నాన్నా" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఫర్వాలేదు, కూర్చుని వినమ్మా అనడానికి నాకు ఇంతవరకూ నోరు రాలేదు.