సన్నబడిన చిన్నమ్మ

నా చిన్నప్పుడు బెంగళూరులో మా బళ్ళో నన్ను డ్రమ్ము అనేవాళ్ళు. పిల్లలే కాదు, పంతులమ్మ కూడా. ఒకరోజు ఏడుస్తూ ఇంటికి వస్తే, లావు పిల్లకు చదువెందుకని మా అవ్వ, అంటే నాన్నమ్మ, బడి మాన్పించి, ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు చుట్టే పనిలో పెట్టింది. అక్షరాలు నేర్చుకునేసరికి నా తల నెరిసింది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు. ఆ మనుషుల మీద కోపం మాత్రం చల్లారలేదు.

ఇంట్లో నాకంటే ఎక్కువ మాటలు పడింది మా చిన్నమ్మ, అంటే చిన్నాన్న భార్య. ఆమె కూడా లావే. ఆమె అన్నం తట్టలో ఎంత ముద్ద పెట్టుకుందో అవ్వ వంగి చూసేది. పొద్దంతా మగ్గం మీద నేసే మనిషిని సోమరి అనేది.

అలాంటి చిన్నమ్మ ఒక వేసవిలో సన్నబడసాగింది. రవికెలు వదులయ్యాయి, గాజులు మోచేతి దాకా జారాయి. అదంతా తాను పట్టించిన శనివారం ఉపవాసాల ఫలమని అవ్వ వీధంతా చెప్పుకుంది. బంధువుల పెళ్ళికి పోతే, ఇన్నేళ్ళూ ఎగతాళి చేసిన నోళ్ళే చిన్నమ్మ చుట్టూ చేరాయి.

"ఏం తింటా ఉండావే, మాకూ చెప్పు! ఇప్పుడు చూడు, ఆడమనిషి మాదిరి ఉండావు."

చిన్నమ్మ మురిసిపోయింది. ఆ పొగడ్త ఆమెకు కొత్త. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదనీ, నేసేటప్పుడు నూలు పోగులు మసకగా కనబడుతున్నాయనీ ఎవరికీ చెప్పలేదు.

అవ్వ కూతురు, మా అత్త, వెనక వీధిలో ఉండేది. ఆమెదీ భారీ శరీరమే. షుగరుకు రోజూ మాత్ర మింగేది. ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, స్నానాల గదిలో తూము దగ్గర చీమల బారు చూసి నన్ను పిలిచింది. "ఇవి ఎన్నాళ్ళుగా ఉండాయే?" అంది. చిన్నమ్మ ఒంటికి పోయి వచ్చాకే పడతాయనీ, కడిగేది నేనేననీ చెప్పాను. అత్త ముఖం నల్లబడింది.

షుగరు పరీక్షకు రమ్మంటే చిన్నమ్మ రాదని అత్తకు తెలుసు. తనకు రక్తం తీస్తారని, ఒంటరిగా భయమని, తోడు రమ్మని బతిమాలింది. నేనూ వెంట వెళ్ళాను. క్లినిక్‌లో అత్త ముందుగా తన వేలు గుచ్చించుకుని, "ఇంతే కదప్పా, నువ్వూ చాపు" అంటూ చిన్నమ్మ చెయ్యి లాగి బల్ల మీద పెట్టేసింది.

షుగరు బాగా ముదిరిందనీ, ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే స్పృహ తప్పి పడిపోయేదని డాక్టరు కోప్పడ్డాడు. తిన్నది ఒంటికి పట్టక మనిషి కరిగిపోతోందన్నాడు. మాత్రలు, వేళకు తిండి, ఉపవాసాలు వద్దు అన్నాడు.

ఇంట్లో అవ్వ కూతురి మీద విరుచుకుపడింది. "అది సన్నగైతే ఓర్చుకోలేక పోయినావు. మళ్ళా బర్రె మాదిరి ఐతాది!"

"బర్రె మాదిరైనా బతికుంటాది లేమ్మా. పాడె మోసేటోళ్ళకి బరువు తగ్గల్లనా నీకు?" అంది అత్త.

చిన్నమ్మ మళ్ళీ ఒళ్ళు చేసింది, ఆ నోళ్ళూ మళ్ళీ లేచాయి. అయినా చాలా ఏళ్ళు మగ్గం నేసింది. పెళ్ళిలో పొగిడినవాళ్ళలో ఒక్కరూ ఆస్పత్రి మాట విని పలకరించడానికి రాలేదు. వాళ్ళను నేను క్షమించలేదు. నేనిప్పటికీ లావుగానే ఉన్నాను. షుగరు, బీపీ మాత్రం తప్పక చూపించుకుంటాను. ఉన్నట్టుండి చిక్కిపోయినవాళ్ళను పొగడను. ఒంట్లో ఎలా ఉందని అడుగుతాను.

అప్పటి సంగతి ఒకటి మిగిలింది. క్లినిక్‌కు వెళ్ళివచ్చిన మరునాడు శనివారం. ఉపవాసం ఉండాల్సిందేనని అవ్వ పొద్దున్నే హుకుం జారీ చేసింది. నేను సంగటి, పప్పు తట్టలో పెట్టి, మగ్గం గదిలో ఉన్న చిన్నమ్మ చేతికిచ్చి, గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. అవ్వ వచ్చి అరిచింది, జుట్టు పట్టుకుని లాగింది. చిన్నమ్మ తట్ట ఖాళీ అయ్యేదాకా నన్ను కదిలించడం ఆమె వల్ల కాలేదు.