డాబా మీద వినాయకుడు

భవానీపురంలో మా ఇంటి ఓనరుగారు ఏం చూసినా ముందు చూపుడువేలు చాపి దాని దిక్కు తేల్చుకునేవారు. ఒకరోజు నా ల్యాప్‌టాప్‌లో పాలపుంత పటం చూశారు. నక్షత్రాల మధ్య ఉండే ధూళి వెనకాల మన కంటికి కనబడనిదంతా అంతరిక్షంలోని పరారుణ టెలిస్కోపు చూడగలిగిందనీ, అలా తయారైన పటమనీ చెప్పాను. నడిమధ్యలో నక్షత్రాల పొడవాటి పట్టీ ఉంది.

"మనమెక్కడండీ?"

సూర్యుణ్ణి చూపించాను. ఆయన వేలు పట్టీ వెంట మెల్లగా జరిగి, కొస దాటి సూర్యుడి దగ్గర ఆగింది.

"దీని కొస ఓరగా మనవైపే ఉందండీ. వీధిపోటు. జనానికి ఎందుకు కలిసిరావడం లేదో ఇప్పుడర్థమైంది."

మర్నాడే డాబా మీద చిన్న వినాయకుడి విగ్రహాన్ని పాలపుంత నడిమికి ఎదురుగా నిలిపారు.

"భూమి తిరుగుతుంది కదండీ, దిక్కు మారిపోదూ?" అని నోరు జారాను. అప్పట్నుంచి గంటకోసారి మెట్లెక్కి, విగ్రహాన్ని కాస్త తిప్పి దిగేవారు.

ఒకసారి పెళ్ళికి కూచిపూడి వెళ్తూ నా తలుపు తట్టారు.

"సాయంత్రం దాకా మీరు తిప్పుతుండండి. మన ఇల్లొక్కటే అయితే అడిగేవాణ్ణి కాదండీ."

నాకు వాస్తు మీద నమ్మకం లేదు. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను.