కబగాంబె గారి సంతకం

కంపాలాలో ఒక యూనివర్సిటీ గ్రాంట్ల ఆఫీసులో కబగాంబె గారు ముద్ర ఎత్తి, దాని మీద రెండుసార్లు ఊది, మళ్లీ బల్ల మీద పెట్టేసి వేరుశనగలు నమిలేవారు. తన మలేరియా పరిశోధన గ్రాంటును అవతలి కొండ మీది సంస్థకు మార్పించుకోవాలని డాక్టర్ క్యోముహెండో పదకొండు నెలలు ఆయన చుట్టూ తిరిగింది. ఈలోగా రెండు వానాకాలాలు వెళ్లాయి, దోమలకు పండగే పండగ. "గ్రాంటంటే పాడి ఆవు, డాక్టరమ్మా. తాడు విప్పే ముందు నాలుగుసార్లు ఆలోచించుకోవాలి," అనేవారాయన. ఒక శుక్రవారం మాత్రం కాగితం చదవకుండానే సంతకం పెట్టి, ముద్ర గుద్ది, గుప్పెడు వేరుశనగలు కూడా చేతిలో పోసి పంపారు. సోమవారం ఆమె ఆ కాగితంతో కొండెక్కింది. అక్కడి గ్రాంట్ల బల్ల వెనక, కొత్త కుర్చీలో, కబగాంబె గారే ఉన్నారు. ఆ ఉదయమే ఉద్యోగంలో చేరారట. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని సంతకాన్ని చాలాసేపు చూశారు.

"ఇది పరిశీలించి పెట్టిన సంతకం కాదమ్మా. మళ్లీ పెట్టించుకు రండి."

"పెట్టింది మీరే కదండీ."

"అందుకే చెబుతున్నా. ఆయన సంగతి నాకు తెలీదా?"