నడుం కొలత, రెండు సంతకాలు

కొలతలక్క మనిషి నడుముకు ఒక్కసారి టేపు చుట్టిందంటే పెద్దాసుపత్రి యంత్రాలన్నీ సిగ్గుతో తల దించుకునేవి. ఫలానావాళ్ళకు జబ్బుందన్న ఆమె అనుమానం తప్పిందన్న మాట ఆ వీధిలో ఎవరూ వినలేదు. సరే, ఒకసారి తప్పింది లెండి. బేకరీ ఆయనకు షుగరొచ్చిందని వీధంతా కంగారు పడితే, పెళ్ళాంతో గొడవపడి రెండు నెలలుగా ఇంట్లో తినడం మానేశాడని తేలింది. యంత్రాలు కూడా సిగ్గుపడలేదు. వాటికంత తీరికెక్కడిది?

ఆమె టైలరు. ఇరవై ఆరేళ్ళ కొలతలు ఒక పొడుగాటి పుస్తకంలో ఉండేవి, మనిషికో పేజీ. ఆర్నెల్లలో ఎవరి నడుమైనా రెండంగుళాలు తగ్గితే పక్కన ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టేది. వీధి సంఘం వాళ్ళు ఆ చుక్కల సంగతి ఆరోగ్య కేంద్రం నర్సుకు చెప్పారు. నర్సు నవ్వలేదు. ప్రతి బుధవారం మధ్యాహ్నం షుగరు మిషను, కఫం డబ్బాలు పట్టుకుని కుట్టుకొట్లోనే కూర్చోవడం మొదలుపెట్టింది.

"సిస్టరమ్మా, ఈయన్ని చూడండి. ముప్పై ఆరు కాస్తా ముప్పై మూడైంది."

"తిండి తగ్గించాడేమో అక్కా?"

"ఈయనా! పళ్ళెం కింద బల్ల కూడా మిగల్చడు."

ఏడాదిలో పదకొండు మంది జబ్బులు బయటపడ్డాయి. ఏడు షుగరు, నాలుగు క్షయ. అందరూ మందులు వాడి నిలబడ్డారు.

ఆ కబురు పెద్దాసుపత్రికి చేరింది. ఆసుపత్రీ సంఘమూ కలిసి పద్ధతిగా చేద్దామని పెద్ద డాక్టరు మీటింగు పెట్టాడు. నర్సు బుధవారాలు కూర్చునే బల్ల ఆసుపత్రికి మారింది. సంఘం రాసిచ్చిన చీటీ ఉన్నవాళ్ళకే అక్కడ పరీక్ష. తెలిసినవాళ్ళంటూ వరస దాటేవాళ్ళను ఎలా ఆపాలన్న ప్రశ్న వచ్చింది. కత్తెర వేసేముందు కొలత మళ్ళీ చూసుకోవడం కొలతలక్క అలవాటు. లేచి నిలబడింది.

"చీటీ మీద రెండు సంతకాలుండాలి. ఒకటి సంఘం ప్రెసిడెంటుది, ఒకటి మీ ఆఫీసరుది. అప్పుడెవరూ ఆటలాడలేరు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె జీవితంలో అవే మొదటి చప్పట్లు.

నాలుగు నెలల తర్వాత ఆమె తమ్ముడు ప్యాంటు పట్టుకొచ్చాడు. ప్లంబరు, నోరు ఊరుకోని మనిషి.

"అక్కా, నడుం తగ్గించి కుట్టు. పైపు బిగిస్తుంటే ప్యాంటు నాకన్నా ముందు కిందికి దిగుతోంది."

టేపు చుట్టింది. మూడంగుళాలు తక్కువ. మాట మధ్యలో దగ్గాడు. ఎర్ర చుక్క పెట్టి, చీటీ కోసం ఆమె సంఘానికి వెళ్ళింది.

ప్రెసిడెంటు ఆ రోజే సంతకం పెట్టాడు. రెండో సంతకం పెట్టాల్సిన ఆఫీసరు ఊళ్ళో లేడు. ఆసుపత్రులూ వీధి సంఘాలూ కలిసి పనిచేయడమెలాగో నేర్చుకోవడానికి మూడు వారాల శిక్షణకు వెళ్ళాడు. తిరిగొచ్చాక వేరే సీటుకు మార్చారు. కొత్తాయనకు సంతకం చేసే అధికారం ఇంకా రాలేదు.

నర్సు ఊరుకోలేక కొట్టుకొచ్చింది. "చీటీ సంగతి వదిలెయ్ అక్కా. ఆసుపత్రి వెనక తలుపు నుంచి తీసుకురా, నేను చూసుకుంటాను."

"నేను పెట్టించిన రూలు సిస్టరమ్మా. నా తమ్ముడి కోసం నేనే తప్పిస్తే రేపు వీధిలో మొహమెలా చూపించను?"

"ఓపీలో మామూలు వరసలోనైనా నిలబడమను."

"నిలబడ్డాడు. సాయంత్రం దాకా నిలబెట్టి రేపు రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళనంటాడు."

చీటీ రాసిన ఏడో వారం ఎవరి వంటింట్లోనో నల్లా బిగిస్తూ తమ్ముడు సింకులోకి రక్తం కక్కాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. రెండో సంతకం పడిన చీటీ ఆ మర్నాడు కొట్టుకు చేరింది.

ఏడాది గడిచింది. కొత్త ఆఫీసరు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని కుట్టుకొట్టుకు వచ్చాడు. ఆసుపత్రి గోడ మీద ఆమె ఫొటో, అద్దాల పెట్టెలో ఆ పుస్తకం పెడతారట. ఎర్ర చుక్కల కథంతా అతను ఎంతో ఇష్టంగా చెప్పుకొచ్చాడు.

"పాపం, మీ తమ్ముడి విషయం కూడా విన్నామమ్మా. అయినా మీరు రూలు తప్పలేదట. అదీ రాయిస్తాం."

కొలతలక్క మిషను ఆపలేదు. పుస్తకం ఆమె కాలికిందే ఉంది, తొక్కుడు పలక మీద ఎత్తు కోసం.

"ఎవరు చెప్పారు బాబూ ఇవన్నీ? అలాంటిదేం జరగలేదు. నేనెవరికీ చుక్కలు పెట్టలేదు, ఏ మీటింగులోనూ లేవలేదు. నాకసలు తమ్ముడే లేడు."